వంతెన ఇవతలి పెళ్లి

సెప్టెంబర్ 24, సోమవారం

కోయ్ కాదన్నాడు. కాదంటాడని తెలిసే వెళ్ళాను. సొంత అన్నయ్య కదా, డెబ్భై నాలుగేళ్ళ చెల్లెలు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చి అడిగితే ఒక్క నిమిషమైనా ఆలోచిస్తాడేమోనని ఆశ. ఆలోచించలేదు. ప్రార్థన చేద్దాం రా అన్నాడు. చేశాం. ప్రార్థనలో కూడా అదే చెప్పాడు, ఈసారి దేవుడికి.

తమ్ముడు హర్షెల్ ఊపిరితిత్తులు అయిపోయాయి. ముప్ఫై ఒక్కేళ్ళు బొగ్గు గనిలో పీల్చిన దుమ్ము లోపల రాయిలా గడ్డకట్టింది. డాక్టరు క్రిస్మస్ మాట ఎత్తలేదు. అప్పటిదాకా ఉంటాడా అని నేనే అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

హర్షెల్ కోరిక ఒక్కటే, నొవెలాను పెళ్లి చేసుకోవాలని. ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. అమ్మ బతికున్నన్నాళ్ళూ అమ్మ ఏడుస్తుందని చేసుకోలేదు. అమ్మ పోయాక అలాగే అలవాటైపోయింది. హర్షెల్ మొదటి పెళ్ళాం విడాకులిచ్చి ఒహాయోలో ఇంకొకడిని కట్టుకుని బతికే ఉంది. ఆవిడ బతికుండగా హర్షెల్ మళ్ళీ పెళ్లి చేసుకుంటే మా సంఘంలో అది వ్యభిచారం. ఆ పెళ్లి చేసిన పాస్టర్‌ని కూడా వెలేస్తారు. ఆ సంఘానికి నలభై ఏళ్ళుగా పాస్టర్ మా కోయ్.

ఇప్పుడీ పెళ్లి తొందర సమాధుల తోట కోసం. కొండ మీది తోటలో చోటు ఎవరెవరికి ఉంటుందో నాన్న కాగితం రాసిపోయాడు: మా ఇంటి రక్తం, పెళ్లి చేసుకుని మా ఇంటికొచ్చిన వాళ్ళు. ఇంకెవరికీ లేదు. పెళ్లి కాకపోతే హర్షెల్ కొండ మీద, నొవెలా రేపెప్పుడో రోడ్డు పక్క ఎవరో తెలియనివాళ్ళ మధ్య. తోట తాళం కోయ్ దగ్గరుంది.

నాకు కోయ్ మీద కోపం లేదు. అందుకే రాసిపెట్టుకుంటున్నాను, లేదు.

సెప్టెంబర్ 25

పొద్దుటి నుంచీ కడుపులో మంట. ఆదివారం తిన్న చిక్కుడుకాయ ఊరగాయ అయ్యుంటుంది.

సెప్టెంబర్ 27, గురువారం

బీన్స్, మొక్కజొన్న రొట్టె తీసుకుని హర్షెల్ ఇంటికి వెళ్ళాను. బయల్దేరాక స్టవ్ ఆపానో లేదో గుర్తు రాక సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. ఆపే ఉంది. మళ్ళీ వెళ్ళాను.

నొవెలా అప్పుడే స్కూలు వంటశాల నుంచి వచ్చింది, తలకి వల ఇంకా తియ్యలేదు. హర్షెల్ ముక్కుకి గొట్టం పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. కోయ్ ఏమన్నాడని అడగలేదు. నా మొహం చూశాడు, చాలు.

"పోనీ కౌంటీ జడ్జి దగ్గర చేసుకోండి. అయిదు నిమిషాల పని" అన్నాను.

"వాడా? ఎన్నికల్లో వాడికి నేను ఓటే వెయ్యలేదక్కా. నేను ఓటెయ్యనివాడు నాకు పెళ్లి చేస్తాడా?"

"పంతానికి ఇదా టైము?" నొవెలా అంది.

"పంతం కాదే. దేవుడి పేరు నోటినిండా పలికే మనిషి కావాలి నాకు. మనల్ని తెలిసినవాళ్ళు కావాలి. ఆ జడ్జి నీ పేరు కాగితం చూసి చదువుతాడు." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. ఆ ఆగడం నేను లెక్కపెడతాను, అలవాటైపోయింది. పద్నాలుగు సెకన్లు. "అక్కా, నువ్వు చెయ్యి."

"నేనా?"

"నాతో గనిలో చేసిన రోస్కో కూతురికి పెళ్లి వాళ్ళ పిన్నే చేసిందట. ఇంటర్నెట్‌లో పేరు రాయించుకుంటే పాస్టర్‌ని చేస్తారట. ఆవిడ మంగలి షాపు నడుపుతుంది, తెలుసా?"

"నీకు జ్వరం ఉందా?" అన్నాను. నుదురు పట్టుకుని చూశాను కూడా.

"వర్లీని ఇబ్బంది పెట్టకు" అంది నొవెలా. ఆమె ఎప్పుడూ నన్ను వర్లీ అనే పిలుస్తుంది. ఒకసారి ఎందుకు వదినా అనవని అడిగితే, హక్కు లేని పిలుపు పిలవను అంది. అది చాలా ఏళ్ళ కిందటి మాట.

సెప్టెంబర్ 28

నేను చెయ్యను. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. పది మంది ముందు భోజనానికి ప్రార్థన చెప్పమంటేనే కాళ్ళు వణుకుతాయి. పైగా ఆడదాన్ని. మా సంఘంలో ఆడవాళ్ళు పాడతారు, ఏడుస్తారు, కూరలు తెస్తారు. మాట్లాడరు.

సెప్టెంబర్ 30, ఆదివారం

చెయ్యను.

అక్టోబర్ 2, మంగళవారం

లైబ్రరీకి వెళ్ళాను. ఊరికే చూద్దామని.

అక్కడ డెనీస్ అనే అమ్మాయి ఉంటుంది, పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పిస్తుంది. సంగతి చెవిలో చెప్పాను. "ఓస్, అంతేనా" అంది, హాలంతా వినపడేలా. పేపరు చదువుకుంటున్న ముసలాయన తలెత్తాడు.

"ఈమెయిల్ ఉందా అమ్మా?"

"ఉత్తరాలపెట్టె ఉంది. మూత ఊడిపోయింది."

డెనీస్ నాకొక ఈమెయిల్ చేసిపెట్టింది. తర్వాత ఆ చర్చి పేజీ తెరిచింది. ఏ ఊరి చర్చో, దాని కప్పు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. పేరు అడిగారు. ఊరు అడిగారు. నా స్వంత ఇష్టంతోనే చేస్తున్నానా అని అడిగారు. బైబిల్ ఎన్నిసార్లు చదివానని అడగలేదు. డబ్బులు కూడా అడగలేదు, దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

"రేపు పోలీసులు వస్తే?"

"దేనికొస్తారమ్మా? మొన్న ఇలాగే ఒకాయన చేయించుకుని తమ్ముడి పెళ్లి చేశాడు. ఇంకొకావిడ వాళ్ళ నాన్నని పూడ్చింది. నొక్కండి."

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఇది తప్పయితే ఇప్పుడే కరెంటు తీసెయ్యి అని అడిగాను. మనసులో పది దాకా లెక్కపెట్టాను. కరెంటు పోలేదు. నొక్కాను.

తర్వాత ఈ సంగతి డెనీస్‌కి చెబితే, "దీంట్లో బ్యాటరీ ఉంటుందమ్మా, కరెంటు పోయినా ఆగదు" అంది.

ఆ మాట ముందే చెప్పొద్దూ.

అక్టోబర్ 3

పాస్టర్‌ని అయ్యాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే కోళ్ళకి గింజలు వేస్తూ ఆశీర్వదించి చూశాను. ఏం కాలేదు వాటికి.

అక్టోబర్ 7, ఆదివారం

లైబ్రరీలో పేపరు చదివిన ముసలాయన కోయ్ దగ్గర సంఘ పెద్ద అట. నాకేం తెలుసు.

ఆరాధన అయ్యాక కోయ్ మెట్ల మీద నన్ను ఆపాడు. అందరూ చేతులు కలుపుకుంటూ మా చుట్టూ నెమ్మదిగా నడుస్తున్నారు. వినాలనే.

"నిజమేనా?"

"దేని గురించి?" అన్నాను.

"కంప్యూటర్ నిన్ను పాస్టర్‌ని చేసిందట."

"అవును."

"వర్లీ, నేను గనిలో నాలుగు వందల అడుగుల కింద ఉండగా దేవుడు నన్ను పేరు పెట్టి పిలిచాడు. మూడేళ్ళు ఆ పిలుపుతో పెనుగులాడాను. రాత్రులు ఏడ్చాను. నిన్నెవరు పిలిచారు? ఆ పెట్టె పిలిచిందా?"

ఆ ఏడుపు నిజం. నాకు తెలుసు, అప్పుడు వాడి బట్టలు ఉతికింది నేనే. సంచీ గట్టిగా పట్టుకున్నాను. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నన్ను హర్షెల్ పిలిచాడు అన్నయ్యా. వరండాలో కూర్చుని, ఊపిరాడక మధ్యలో ఆగి మరీ పిలిచాడు. నేను మూడేళ్ళు పెనుగులాడే టైము లేదు వాడికి."

కోయ్ మొహం ఎర్రబడింది. "నీకు బళ్ళో చదువు కూడా లేదు."

"నీకెంత ఉంది? అయిదు. నాకు ఆరు."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఇంటికొచ్చాక గంటసేపు మంచం మీద పడుకున్నాను. వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. పుట్టినప్పటి నుంచీ అదే బల్ల మీద కూర్చున్నాను.

కానీ ఆరు. నిజమే కదా.

అక్టోబర్ 10, బుధవారం

హర్షెల్‌ని చక్రాల కుర్చీలో కౌంటీ ఆఫీసుకు తీసుకెళ్ళాం. పెళ్లి లైసెన్సుకి ఇద్దరూ స్వయంగా రావాలి. క్లర్కు లోర్నా కాగితం ఇచ్చింది. ముప్ఫై రోజుల్లోపు పెళ్లి జరగాలి, తర్వాత నేను నింపి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, మళ్ళీ ఆఫీసులో ఇవ్వాలి. కింద చాలా చిన్న అక్షరాలతో ఏదో ఉంది. కళ్ళజోడు తుడుచుకుని చదువుదామనుకున్నాను. హర్షెల్‌కి ఆయాసం ఎక్కువైంది, వచ్చేశాం.

శనివారం వాళ్ళ వరండాలోనే పెళ్లి. నేను చెప్పాల్సిన మాటలు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. నాలుగుసార్లు తిరగరాశాను.

అక్టోబర్ 13, శనివారం

పెళ్లి కాలేదు. పొద్దున హర్షెల్ పెదాలు నీలంగా మారాయి. అంబులెన్సు వాళ్ళు నది అవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నొవెలా వాళ్ళతో వెళ్ళింది. నేను కేకు మీద మూత పెట్టి కూర్చున్నాను.

అక్టోబర్ 16, మంగళవారం

పెళ్లి చేశాను.

ఆసుపత్రి గదిలో, మంచం పక్కన. నొవెలా పని నుంచి నేరుగా వచ్చింది, స్కూలు వంటశాల బట్టల్లోనే ఉంది, మార్చుకోవడానికి ఇంటికి వెళ్ళనంది. నర్సులిద్దరు సాక్షులు. నా చేతిలో అట్ట ఎలా వణికిందంటే ఒక నర్సు వచ్చి దాని అంచు పట్టుకుంది. హర్షెల్ "అవును" అన్నాడు. నొవెలా "ఎప్పుడో అవునన్నాను, ఇంకోసారి అంటాను" అంది. నేను మీరిద్దరూ భార్యాభర్తలని చెప్పాను. పైకప్పు కూలలేదు.

కాగితం నింపడానికి అరగంట పట్టింది. పెళ్లి జరిగిన చోటు అన్నదగ్గర, రేపెవరూ వేలెత్తి చూపించకూడదని ఆసుపత్రి పేరు, వీధి, ఊరు, రాష్ట్రం, గది నంబరు, మంచం కిటికీ వైపుదని కూడా రాశాను.

నేనూ నొవెలా లిఫ్టు దగ్గరకు వచ్చేసరికి కోయ్ ఎదురొచ్చాడు. చేతిలో గడ్డం గీసుకునే సామాను సంచీ. రోజూ వచ్చి హర్షెల్‌కి గడ్డం గీసి పోతున్నాడట, నాకు తెలియదు. మమ్మల్ని చూశాడు, కాగితాన్ని చూశాడు. నేరుగా గదిలోకి వెళ్ళాడు.

అక్టోబర్ 17, బుధవారం

లోర్నా కాగితం చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"వర్లీ గారూ, ఇది వెస్ట్ వర్జీనియాలో చేశారు."

"ఆసుపత్రి అక్కడే కదమ్మా."

"లైసెన్సు కెంటకీది. ఇది నది దాటితే చెల్లదు. కింద రాసుంది చూడండి."

ఆ చిన్న అక్షరాలు.

మేం సబ్బులకీ, సినిమాలకీ, పంటి డాక్టరుకీ వారానికి మూడుసార్లు నది మీది వంతెన దాటుతాం. అటు వేరే రాష్ట్రమని మాలో ఎవరికీ గుర్తుండదు. పెళ్లికి గుర్తుంటుందని నాకేం తెలుసు. సంకెళ్ళు వేస్తారా అని అడిగాను. లోర్నా నవ్వలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇంకో కాపీ తీసిస్తాను. చోటు దగ్గర హర్షెల్ ఇంటి వరండా అడ్రసు రాసుకుని రండి. వేరే సాక్షుల్ని చూసుకోండి. నేనేం నది దాటి వచ్చి చూడలేదుగా."

కొత్త కాపీ తీసుకున్నాను. ఏం రాయాలో ఇంకా అనుకోలేదు.

అక్టోబర్ 18

నొవెలాకి చెప్పాలి. ముందు దుప్పట్లు ఉతకాలి.

అక్టోబర్ 19

దుప్పట్లు ఆరలేదు.

వరండా అడ్రసు రాస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. లోర్నాకి, ఇద్దరు నర్సులకి, హర్షెల్‌కి, నొవెలాకి, లిఫ్టు దగ్గర చూసిన కోయ్‌కి తెలుస్తుంది. నాకు తెలుస్తుంది. పాస్టర్‌గా నేను పెట్టే మొదటి సంతకం.

అక్టోబర్ 20, శనివారం

చెప్పాను. ఆసుపత్రి గదిలో, తల దించుకుని, ఒక్క ఊపిరిలో. లోర్నా ఇచ్చిన సలహా కూడా చెప్పాను.

నొవెలా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. హర్షెల్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే దగ్గు, దగ్గితే యంత్రం కూత. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"రెండు పెళ్లిళ్ళ వాడని కదా కోయ్ నన్ను వద్దన్నాడు" అన్నాడు ఊపిరి వచ్చాక. "ఇప్పుడు మూడోది కూడా చేసుకోవాలి. వాడికి చెప్పకండి, చచ్చిపోతాడు."

"నవ్వులాటా నీకు?" అంది నొవెలా. "వరండా అని రాసెయ్యి వర్లీ. ఎవడడుగుతాడు?"

"కోయ్ అడుగుతాడు" అన్నాను. "అడిగితే నేను అబద్ధం చెప్పలేను. నా మొహమే చెప్పేస్తుంది. అప్పుడు తోట తాళం ఎప్పటికీ తియ్యడు. ఇంకోటి కూడా ఉంది నొవెలా. మీరిద్దరూ ఇరవై ఆరేళ్ళు ఊరి మధ్యలో దాచకుండా బతికారు. ఎన్ని మాటలన్నా తల ఎత్తుకునే ఉన్నారు. చివర్లో నేను దొంగ కాగితం రాసి మిమ్మల్ని దొంగల్ని చెయ్యను."

ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు. కూర్చోవాల్సి వచ్చింది.

"అయితే నన్ను ఇంటికి తీసుకుపోండి" అన్నాడు హర్షెల్. "ఇక్కడ ఇంకేం చేస్తారు వీళ్ళు? అవతలి ఒడ్డుకి పోదాం."

డాక్టరు దారిలోనే ఏమైనా కావచ్చన్నాడు. హర్షెల్ ఇక్కడ మాత్రం కాదా అన్నాడు.

అక్టోబర్ 22, సోమవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

రోగుల్ని దింపే వ్యాను వచ్చింది. డ్రైవరు పేరు డ్వేన్, వెనక హర్షెల్ పక్కన కూర్చునే ఆవిడ కార్లీన్. ఇంటికి ముప్పావుగంట దారి. బయల్దేరిన పది నిమిషాలకే హర్షెల్ ఆగే లెక్క ఇరవై దాటింది. కార్లీన్ వేలికి తగిలించిన యంత్రం చూసి నా వైపు చూసింది. ఇల్లు చేరేదాకా ఆగలేమని అర్థమైంది.

"డ్వేన్ బాబూ, వంతెన దాటగానే ఆపాలి."

"ఎక్కడమ్మా? అక్కడ ఆపితే వెనక బొగ్గు లారీలు మీదికొస్తాయి."

"ఎక్కడో ఒకచోట. కెంటకీలో."

వంతెన మీద లారీల వరస. మేం అంగుళం అంగుళం కదులుతున్నాం. నొవెలా హర్షెల్ చెయ్యి వదల్లేదు. చివర్లో కెంటకీ బోర్డు కనపడింది. డ్వేన్ వేగం తగ్గించాడు.

"ఇక్కడ కాదు. ముందుకి పోనియ్యి."

"బోర్డు దాటామమ్మా."

"బోర్డు పాతినవాడు సరిగ్గా పాతాడని నమ్మకమేంటి? ఇంకొంచెం."

పెట్రోలు బంకు దాటాం. అప్పటికీ నాకు ధైర్యం చాల్లేదు. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని.

"అమ్మా, ఇంకా పోనిస్తే టెనెస్సీ రాష్ట్రం వస్తుంది" అన్నాడు డ్వేన్.

"ఆపు."

పాత టైర్లు అమ్మే షాపు ముందు ఆపాడు. వెనక తలుపు తెరిచారు. టైర్ల గుట్ట, గొలుసు కట్టిన కుక్క, అది ఆగకుండా మొరుగుతోంది. అట్ట తీశాను. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. సంచీలో పెట్టేశాను.

"హర్షెల్, ఈమె నీ భార్యేనా?"

తల ఊపాడు. చాలదు, నోటితో చెప్పాలి అన్నాను. ఎంత రాక్షసినో. ఊపిరి కూడదీసుకుని "అవునక్కా" అన్నాడు.

"నొవెలా, ఈయన నీ భర్తేనా?"

"అవును."

"అయితే దేవుడు విన్నాడు, నేను విన్నాను, ఈ కుక్క విన్నది. కెంటకీ రాష్ట్రంలో మీరు భార్యాభర్తలు. ఎవరూ విడదీయకూడదు. కోయ్ కూడా."

డ్వేన్ టోపీ తీశాడు. కార్లీన్ ముక్కు తుడుచుకుంది. ఇద్దరూ వ్యాను మెట్టు మీద కాగితం పెట్టి సాక్షి సంతకాలు చేశారు. చోటు అన్నదగ్గర టైర్ల షాపు అని రాశాను. ఈసారి కుక్క సంగతి రాయలేదు.

ఇల్లు చేరేవరకు ఊపిరి నిలబడింది. హర్షెల్‌ని మంచం మీద సర్దాక నొవెలా వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడింది. "కాఫీ పెట్టనా వదినా" అంది.

నేను పెద్ద మంట పెట్టి పాలు పొంగించేశాను.

అక్టోబర్ 23

లోర్నా ముద్ర వేసింది. రెండు నకళ్ళు తీసుకున్నాను. ఒకటి బైబిల్లో, ఒకటి పిండి డబ్బాలో పెట్టాను.

అక్టోబర్ 25, గురువారం

తమ్ముడు పోయాడు. పొద్దున పదిన్నరకి. నొవెలా ఉంది, నేనున్నాను.

అక్టోబర్ 26, శుక్రవారం

కోయ్ ఇంటికొచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వాడు ఏడవడం నాకు ఓర్చుకోవడం కష్టం, ఎంతైనా ఆ చెయ్యి పట్టుకునే బడికి నడిచాను.

"ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుందాం. గొయ్యి మా సంఘం మగవాళ్ళు తవ్వుతారు. వాక్యం నేను చెప్తాను."

"వాక్యం నేను చెప్తాను. హర్షెల్ అడిగాడు."

"వర్లీ."

"నొవెలాకి పక్కన చోటు కావాలి." పిండి డబ్బాలోంచి నకలు తీసి ఇచ్చాను. పిండి దులుపుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

"టైర్ల షాపు" అన్నాడు.

"అవును."

"కోర్టు ముద్ర వేసినంత మాత్రాన దేవుడి దగ్గర పెళ్లి కాదు."

"నాన్న కాగితంలో పెళ్లి అనే ఉంది. ఎవరి దగ్గరో రాయలేదు. నువ్వే చదివి వినిపించావు మాకు, నాన్న పోయిన రోజు."

కాగితం మడత పెట్టి బల్ల మీద ఉంచాడు. ఏదీ ఒప్పుకోలేదు, ఏదీ కాదనలేదు. కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ మౌనాన్ని నేను మంచిగానే తీసుకున్నాను. తాళం తీస్తాడు. తప్పకుండా తీస్తాడు. నాకు కంగారేమీ లేదు.

అక్టోబర్ 27

కడుపులో మంట. ఊరగాయ తిని నెల దాటింది.

అక్టోబర్ 28, ఆదివారం

తాళం తీసే ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. మొదట సంతోషించాను. కొండ ఎక్కి పైకి వెళ్ళాక గొయ్యి చూశాను.

అమ్మ పక్కన తవ్వారు. చక్కగా, నిలువుగా, అంచులు చెక్కి. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క కంచె. వాటి మధ్య హర్షెల్ ఒక్కడికే చోటుంది. నొవెలా కూడా చూసింది. చూసి, పూలు రెండో చేతిలోకి మార్చుకుంది.

శవపెట్టె మోసుకొచ్చిన ఆరుగురూ గొయ్యి దగ్గర నిలబడ్డారు. నలభై మంది దాకా వచ్చారు. సగం మంది కోయ్ సంఘం వాళ్ళే. కోయ్ గొయ్యి తలాపున నిలబడ్డాడు, నల్ల కోటులో. అందరూ నా వైపు చూస్తున్నారు, ఈ ముసల్ది నోరు తెరుస్తుందా లేదా అని. కాళ్ళు వణికాయి. వణకనీ అనుకున్నాను.

"ఇందులో దించను" అన్నాను.

"ఏంటి?" కోయ్ అన్నాడు.

"ఈ గోతిలో భార్యకి చోటు లేదు. ఈ పూడ్చడం నేను చేయిస్తున్నాను. ఇంకోటి తవ్వాలి."

"అమ్మ పక్కన పెట్టాం. అమ్మ పక్కన కంటే మంచి చోటేముంది?"

"అమ్మ పక్కన నాన్న ఉన్నాడు అన్నయ్యా. అమ్మకి తోడు అక్కర్లేదు."

పెట్టె తెచ్చిన బండి మనిషి గడియారం చూసుకున్నాడు. పెట్టె కింద ఉన్నవాళ్ళలో ఒకడు "బరువమ్మా" అన్నాడు. "అయితే కింద పెట్టండి" అన్నాను. గడ్డి మీద పెట్టారు. పార పట్టుకున్న మగవాళ్ళు కోయ్ మొహం చూస్తున్నారు. కోయ్ నేల చూస్తున్నాడు.

అప్పుడు నొవెలా పూలు పెట్టె మీద పెట్టి, కోటు విప్పి కంచె మీద వేసి, గుట్ట మీద గుచ్చిన పార లాగింది. ఖాళీగా ఉన్న చోటుకి నడిచి, పార అంచు మీద కాలు పెట్టి తొక్కింది. ఇరవై ఏళ్ళు వందల మంది పిల్లలకి వండిన చేతులవి. మొదటి పెళ్ళ లేచింది. రెండోది లేచింది. మూడోసారి పార టంగుమని ఆగింది.

ఎవరో నవ్వారు. ఆమె పక్కకి జరిగి మళ్ళీ తొక్కింది. మళ్ళీ టంగుమంది. ఆమె ఆగలేదు. ఆ చప్పుడు నా పళ్ళలో తగులుతోంది. నేను ఇంకో పార అందుకున్నాను. డెబ్భై నాలుగేళ్ళు, పార ఎలా పట్టుకోవాలో మర్చిపోయాను, నడుము పట్టేస్తుందని భయం, అయినా పట్టుకున్నాను.

"అక్కడ కాదు" అన్నాడు కోయ్.

మేం ఆగలేదు.

"వర్లీ, అక్కడ కాదంటుంటే. అడుగు లోతులో బండ ఉంది. మన తాతల కాలం నుంచీ ఎవరూ తవ్వలేకపోయారు అక్కడ." వచ్చి నొవెలా చేతిలోంచి పార తీసుకున్నాడు, లాక్కోలేదు, తీసుకున్నాడు. పై వరసకి నడిచాడు, మొక్కజొన్న చేనులో సాలు కొలిచినట్టు అడుగులు వేసి కొలిచాడు. పార మొనతో నేల మీద ఒక గీత గీశాడు. దాని పక్కన ఇంకొకటి గీశాడు. "ఇక్కడ మెత్తటి మన్ను. ఇద్దరికీ సరిపోతుంది" అన్నాడు, తన మనుషులతో. మాతో కాదు.

మూడు గంటలు తవ్వారు. తవ్వుతున్నంతసేపూ నేను అమ్మ పాడే పాటలు అందించాను. మొదట నా గొంతు ఒక్కటే. తర్వాత ఆడవాళ్ళు కలిశారు. వాళ్ళు పాడితే మగవాళ్ళు ఎంతసేపు నోరు మూసుకుంటారు.

కోయ్ నా వాక్యం వినడానికి ఉండలేదు. హర్షెల్‌ని దించే ముందు గేటు బయటికి వెళ్ళి నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. వెళ్ళేముందు నా దగ్గర ఆగాడు.

"నా లెక్కలో నువ్వు పాస్టర్‌వి కాదు."

"నీ లెక్కలో ఉండక్కర్లేదు."

తల ఊపాడు. ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళమే ఉన్నాం.

నేను ఏం చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. హర్షెల్ ఓటు వెయ్యని జడ్జి సంగతి చెప్పాను, నవ్వారు. మిగతాది దేవుడికి తెలుసు. మట్టి వేశారు. అందరూ కిందికి దిగడం మొదలుపెట్టారు, చర్చి హాల్లో భోజనాలు ఉన్నాయి.

నొవెలా దిగలేదు. కోయ్ గీసిన రెండో గీత లోపల, ఇంకా తవ్వని గడ్డి మీద కూర్చుంది. మట్టి నిండిన బూట్లు విప్పి పక్కన పెట్టింది. కాళ్ళు చాపుకుంది.

"రా వదినా, కాసేపు కూర్చో" అంది. "ఇది నా చోటే."